ఏటేటా అడిగేవాళ్లు

పిట్స్‌బర్గ్‌ యూనివర్సిటీలో నేను కొండమీది భవనం మెట్లు తుడుస్తుంటే, సీటు కోసం ఇంటర్వ్యూకి వచ్చిన తెలుగమ్మాయి ఒకతె ఓ మూల కూర్చుని కనిపించింది.

"అందరూ పైన భోంచేస్తుంటే నువ్విక్కడేంటమ్మా?"

"వాళ్లంతా మాస్టర్స్ చేసినవాళ్లు తాతా. డిగ్రీ అవగానే పీహెచ్‌డీకి వచ్చింది నేనొక్కదాన్నే. నాతో ఎవరూ మాట్లాడట్లేదు. వెళ్లిపోతున్నా."

"ఏం చదువది?"

"జబ్బులు ఎవరికి, ఎందుకొస్తాయో కనిపెట్టే చదువు. ఒంటరిగా బతికే ముసలివాళ్లకి ఏమవుతుందో చూడాలని నాకు."

"చచ్చాక లెక్కబెడతారా?"

"అయ్యో, కాదు. బతికుండగానే. ఏటేటా వాళ్లింటికెళ్లి, ఎలా ఉన్నారని అడుగుతాం."

"జబ్బు లేకపోయినా?"

"లేకపోయినా."

నేను బకెట్ పక్కకి జరిపి దారిచ్చాను.

"అయితే పైకెళ్లు తల్లీ, సీటు తెచ్చుకో. మా ఇల్లు ఈ కొండ కిందే. ఒక్కణ్నే ఉంటాను."