గురువారం మూడు గంటల శివమ్మ గారు

1979 ఆగస్టు ఆరవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి శివమ్మ గారు మన విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా బాధ్యతలు స్వీకరించారు. ముప్పై రెండు సంవత్సరాల ఆరు నెలల సేవానంతరం 2012 జనవరి ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్న ఆమె గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నది పరీక్షల విభాగం సూపరింటెండెంటు కామాక్షి. సన్మాన సంచికలో నేను, నేను అనుకోవడం ఎబ్బెట్టుగా తోచి, తన ప్రస్తావన వచ్చిన చోటల్లా కామాక్షి అనే రాసుకుంది. పైగా ఇందులోని కామాక్షి బాగా అలసిపోయిన మనిషి. ఆమెను కాస్త దూరంగా నిలబెట్టి చూడడమే తేలిక.

జనగామ దగ్గరి పల్లెలో పుట్టి, వరంగల్లులో నర్సింగు శిక్షణ పొంది, మౌలాలిలో కాపురముంటూ, శివమ్మ గారు తొలి పదిహేనేళ్లు హాస్టళ్ల కామెర్లతో, స్నాతకోత్సవాల ఎండలో సొమ్మసిల్లిన పట్టభద్రులతో, క్రికెట్ బంతికి పగిలిన నుదుళ్లతో సహనంగా వేగారు. 1996లో హెడ్ నర్సు అయ్యారు. జీతం కొద్దిగా, పని బాగా పెరిగాయి.

2002లో, నలభై ఎనిమిదవ ఏట, ఆమెకు నెలసరి గతి తప్పింది. ఒళ్లంతా ఆవిర్లు, గుండెదడ, నిద్రలేమి. చూపించుకున్న డాక్టరు ఈ వయసులో మామూలే అని పంపించేశారు. మామూలే అన్నంత మాత్రాన మంట తగ్గదు. అందరికీ మందులిచ్చే ఆ తల్లి రెండేళ్లు ఎవరికీ చెప్పుకోలేక, పాత నర్సింగు పుస్తకాలు తిరగేసి, తన అవస్థ ఏమిటో తానే తెలుసుకున్నారు.

2009 డిసెంబరు నుంచి మన క్యాంపస్ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి గుండెకాయ అయిన సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. బంద్ రోజుల్లో శివమ్మ గారు మౌలాలి నుంచి నడిచి వచ్చి, దెబ్బలు తిన్న పిల్లలకు కట్లు కట్టేవారు. ఆ నెలల్లో ఎవరి గుండె దడదడలాడినా, ఎవరికి నిద్ర పట్టకపోయినా నెపం ఉద్యమం మీదికే పోయేది. తెనాలి నుంచి కోడలిగా తార్నాకకు వచ్చి పాతికేళ్లయినా ఆఫీసులో ఆంధ్రా మేడంగానే మిగిలిన కామాక్షి విషయంలోనూ అదే జరిగింది. నలభై తొమ్మిదేళ్ల ఆమె మార్కుల పట్టికలో ఒక వరుస తప్పుగా ఎక్కించి, కిందివాళ్లను కసురుకుని, ఆనక బాత్‌రూములో ఏడ్చేది. తోటివాళ్లు పొగరనుకున్నారు. భర్త కొండలరావు గారు భయమనుకుని, గుంటూరు వెళ్లిపోదామన్నారు. ఆమె మాత్రం తనకు మతి పోతోందనుకుంది. ఇరవై రెండేళ్ల ఉద్యోగం వదులుకుంటూ స్వచ్ఛంద విరమణ దరఖాస్తు రాసి, ఎనిమిది రోజులు చేతిసంచిలో మోసింది.

2010 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బయట బాష్పవాయు గుండ్లు పేలాయి. పరీక్షల విభాగం హాల్లో కిటికీలన్నీ మూశారు. కామాక్షికి వీపున నిప్పు రాజుకున్నట్టయి, చెమటలు కారిపోయి, ఊపిరాడక, ఏం చేస్తోందో తెలిసేలోగా పక్క కిటికీ బార్లా తెరిచేసింది. లోపలికొచ్చిన గ్యాసుకు పద్నాలుగు మంది కళ్లు మండిపోయాయి. అటెండరు బిక్షపతి ఉద్యోగ సంఘంలో ముందుండే మనిషి. దగ్గుతూనే అన్నాడు.

"మా పోరగాండ్లు గాడ గ్యాస్ల సస్తున్నరు. గీడ మమ్మల్ని గూడ ఏడిపియ్యాల్నా మేడం?"

కామాక్షికి ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

కబురందుకుని నీళ్ల బకెట్టుతో వచ్చిన శివమ్మ గారు అందరి కళ్లూ కడిగి, కామాక్షి దగ్గర ఆగారు. కామాక్షి రవిక వీపంతా చెమటతో తడిసి ఉంది. చెయ్యి పట్టుకుని రికార్డుల గదిలోకి తీసుకెళ్లి, నెలసరి ఎప్పుడొచ్చింది, నిద్ర ఎట్లా ఉంది అని రెండే ప్రశ్నలు అడిగారు. నాలుగు నెలల కిందట, అసలు లేదు అని జవాబులు.

"ఇది పిచ్చి గాదు చెల్లె. ముట్లు నిలిచే ఈడు. కొందరికి నాలుగైదేండ్లు గిట్లనే ఉంటది. మందులున్నయి, దారున్నది."

చేతిరుమాలు కోసం సంచి తెరిస్తే దరఖాస్తు కింద పడింది. శివమ్మ గారు చదివి, మడిచి, తన కోటు జేబులో పెట్టుకున్నారు. మళ్లీ అడిగినప్పుడు ఇస్తానన్నారు. బయట మాత్రం ఏమీ చెప్పవద్దని కామాక్షి బతిమాలింది. ఉద్యమ ద్రోహి అనిపించుకోవడం కన్నా ఆ మాట మగవాళ్ల మధ్య బయటపడడమే ఆమెకు ఎక్కువ భయం.

"నీ ముచ్చట చెప్ప. నా ముచ్చట చెప్పుకుంట. అది నా ఇష్టం."

హాలు మధ్యలో నిలబడి, గొంతు పెంచకుండా, ఆమె తన కథే చెప్పారు. ముట్లు నిలిచేటప్పుడు ఒళ్లు మండి, మందుల ఫ్రిజ్జులో తలపెట్టి నిలబడిన రోజు, కారణం లేకుండా ఒక పిల్లవాడి మీద అరిచిన రోజు, ఉద్యోగం మానేద్దామనుకున్న రోజు.

"గప్పుడు నా ముంగట కిటికి ఉంటే, బయట గ్యాసున్నదా గాలున్నదా అని నేను గూడ చూడకపోదును, బిక్షపతీ. ఇంటికి పోయి మీ అమ్మనడుగు."

మర్నాడు బిక్షపతి సంఘం గదిలోని టేబుల్ ఫ్యాను మోసుకొచ్చి కామాక్షి బల్ల మీద పెట్టి, గ్యాసు వచ్చినప్పుడు కిటికీ వద్దు మేడం, ఇది పెట్టుకోండి అని గొణిగాడు. తర్వాతి గురువారం వాళ్లమ్మను ఆరోగ్య కేంద్రానికి తీసుకొచ్చాడు.

గురువారం మూడు గంటల సమావేశం అట్లా మొదలైంది. స్వీపర్లు, ప్రొఫెసర్లు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. తేదీలు రాసుకోండి, రక్తం, థైరాయిడ్ చూపించుకోండి, నడవండి, నూలు బట్టలు కట్టండి, హార్మోన్ మాత్రలు డాక్టరు చెబితే తప్ప ముట్టకండి, ముట్లు నిలిచి ఏడాదయ్యాక మళ్లీ రక్తం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి అని ఆమె విసుగులేకుండా చెప్పేవారు. వారాసిగూడ నుంచి వచ్చే హాస్టలు వంటమనిషి లచ్చమ్మ ఆ చివరి మాట విని లేచి నిలబడింది. పరీక్ష చేయిస్తే గర్భసంచిలో రోగం మొదట్లోనే దొరికింది. లచ్చమ్మ ఇవాళ ఈ సన్మాన సభకు పులిహోర కలుపుతోంది.

కామాక్షికి అద్భుతమేమీ జరగలేదు. చికిత్సతో ఆవిర్లు తగ్గాయి, నిద్ర సగం తిరిగొచ్చింది. దరఖాస్తు మళ్లీ అడగలేదు.

పోయిన వారం అల్మారా ఖాళీ చేస్తూ శివమ్మ గారు దూదిడబ్బా అడుగు నుంచి ఆ కాగితం తీసి ఇచ్చారు. కొత్త నర్సు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. గురువారం ఏమవుతుందని అడగడానికి ఆమెకు మొహమాటం. అడగకుండానే కామాక్షి ఆ సమావేశాల గది తాళంచెవి తీసుకుంది. దరఖాస్తు వెనకవైపు ఖాళీగా ఉంటే, ఫిబ్రవరి రెండు, గురువారం రావలసినవాళ్ల పేర్లు అక్కడే రాసింది. ముట్లు నిలిచాక ఎముకలు గుల్లబారతాయని అందరికీ ఎముకల పరీక్ష చెప్పి, తాను మాత్రం ఇంతవరకు చేయించుకోని మనిషి పేరు ఆ జాబితాలో మొదటిది: శివమ్మ, మౌలాలి.

ఆమె ఎముకలు గట్టిగా, నిద్ర చల్లగా, రాబోయే సంవత్సరాలు సుదీర్ఘంగా ఉండాలని పరీక్షల విభాగం మనసారా కోరుకుంటోంది. గురువారం మూడింటికి రావాలి శివమ్మ గారూ. ఈసారి బెంచీ మీద కూర్చోవలసింది మీరు.