బావమరిదికి పెట్రోల్ బండే ఎందుకు కావాలి

ఆగిపోయిన లారీలను లాక్కొచ్చే పని ఆ బావది. అందుకు వాడే బండి నడిపేది బావమరిది. పాత బండి ఇంజను పోవడంతో, ఇద్దరూ షోరూంలో రెండు కొత్త బండ్ల మధ్య నిలబడి గంట నుంచి వాదించుకుంటున్నారు. బావకు ఓపిక అడుగంటింది.

“పెట్రోల్‌దే తీసుకుందాం బావా. చప్పుడుండదు, రిపేరు తక్కువ.”

“మనం కొనేది షికార్లకా? సరుకు లారీని ఎత్తు మీదికి లాగాలంటే డీజిల్ ఇంజనే కావాలి. ఎన్నిసార్లు చెప్పాలిరా?”

“కొంచెం తక్కువ లాగితే ఏమవుతుంది?”

“ఏమీ కాదు. ఆ లారీయే మనల్ని లోయలోకి లాక్కుపోతుంది. పదేళ్లు డీజిల్ బండే నడిపావు కదా, ఇప్పుడేం మాయరోగం?”

“ఇంట్లో కారు, స్కూటరు అన్నీ పెట్రోలే బావా. బంకులో చెయ్యి అలవాటుగా ఆ పైపు మీదికే పోతుంది.”

“ఏమన్నావు?”

“ఆ రోజు... పాత బండిలో పెట్రోల్ కొట్టేశాను.”

“ఇంజను పోయింది అందుకా! మన మెకానిక్ మేస్త్రీ సర్వీసు సరిగ్గా చెయ్యలేదన్నావు కదరా!”

“నేననలేదు. నువ్వే అన్నావు. నేను ఊరుకున్నాను.”

 ఇంజను పోయిన రోజు నలుగురి ముందు మేస్త్రీ మీదికి స్పానరు విసిరింది బావే. ఇరవై ఏళ్లుగా స్నేహితుడైన ఆ మేస్త్రీ అప్పటి నుంచి బావ గుమ్మం తొక్కలేదు.

“డీజిల్‌దే కొంటున్నాం. ముందు మేస్త్రీ షెడ్డుకు పద. ఆ నలుగురి ముందే ఈ ముక్క చెప్పు.”

“నువ్వూ వస్తావా?”

“వస్తాను. ఆయన నా మీదికి ఏం విసిరినా నువ్వు అడ్డం రాకు.”