ముందు తిను, తర్వాత మాట్లాడదాం

మళ్లీ అదే పాట. అంతా బాగుంది, అంతా బాగుంది. బాగుందన్నవాడు ఒక్కడూ ఆ దీవిలో కాపురం పెట్టడేం నాయనా? సరేలే, ముందు తిను. మన ఇళ్లల్లో తినకుండా పని మాట్లాడరని మీ అమ్మ చెప్పలేదా ఏం?

కొబ్బరి పీత. మనం వదిలొచ్చిన మన దీవిదే. అక్కడ పాడైన మన్ను తవ్వి తీసే కూలిపనికి వెళ్లాడే మా అమ్రామ్, మా మేనల్లుడు, వాడే దీన్ని ప్రాణంతోనే తాడేసి కట్టి పడవలో తెచ్చాడు.

రాజధాని మజురోలో, సర్కారు ఆఫీసులో పెద్ద ఉద్యోగం నీది, కాదనను. నిన్నే ఎందుకు పంపారో నాకు తెలీదనుకున్నావా? తెల్లదొర చెబితే ఈ ముసలిది నమ్మదు, మనవాడైతే నమ్ముతుందని. ఆ దీవి నేల మా అమ్మల వైపు నుంచి నాకు వచ్చింది. నేను ఊఁ అంటేనే మావాళ్లు ఎల్లుండి అక్కడికి తిరిగి వెళ్లే ఓడెక్కుతారు. నీకు కావాల్సింది ఆ ఊఁ. అంతేగా?

ఆ దొరలు మన దీవి దగ్గర అణుబాంబులు పేల్చి చూసుకోవాలన్నప్పుడూ, ఖాళీ చెయ్యమని ఇలాగే తియ్యగా అడిగారు. కొన్నాళ్లే అన్నారు. ఆ కొన్నాళ్లు ఇంకా అవలేదు. మధ్యలో ఒకసారి, బాగైపోయింది వెళ్లండన్నారు. వెళ్లాం. కొబ్బరినీళ్లు తాగాం, పీతలు తిన్నాం. మా ఒంట్లోకి ఎంత విషం దిగిందో యంత్రాలతో కొలుచుకుని, మళ్లీ తెచ్చి ఇక్కడ పడేశారు. దారిలో మా చెల్లి నెమ్రా నిన్ను పలకరించిందన్నావు. పలకరించలేదు నాయనా, చెయ్యి ఊపింది. గొంతు కోసి గడ్డ తీశాక దానికి మాట లేదు.

ఇక్కడ మాత్రం ఏం సుఖం? అలలు లేస్తే పడవ ఒడ్డుకి రాదు. సముద్రం మధ్యలో కూర్చుని డబ్బాలో చేపలు తింటున్నాం. అందుకే మా మనవరాలు లిబోన్ వెళ్దామని నా ప్రాణం తీస్తోంది. నిండు చూలాలు. పిల్ల మన నేల మీదే పుట్టాలట. నాకు మాత్రం లేదా ఆశ? ఉంది. అదే నా భయం.

ఏంటి, ఆకలి లేదా? తెల్లారకముందు పడవెక్కిన మనిషివి, ఏం తిన్నావని?

సీమపనస మాత్రం ఖాళీ చేశావు. అది ఇక్కడి చెట్టుదేనా అని అడిగి మరీ తిన్నావు. నాకు చెవుడు లేదు నాయనా.

మూట కట్టాలా? పద్ధతి బాగానే గుర్తుందే. అతిథి మిగిలింది ఇంటికి పట్టుకెళ్లాలి, నిజమే. మిగిలిందంటే తిన్నాక మిగిలింది. ముట్టకుండానే ఎలా మిగిలింది? దారిలో సముద్రంలో పడేద్దామనా?

గుమ్మంలో లిబోన్ నిలబడింది, చూశావా? ఇందాకటి నుంచి నీ చేతినే చూస్తోంది. ఇక దానికి నేను నచ్చజెప్పక్కర్లేదు.

సరే, ఒక మాట చెబుతా, కోప్పడకు. అమ్రామ్ ఏమీ తేలేదు. ఉత్త చేతుల్తో వచ్చాడు. ఈ పీత ఇక్కడిదే, మా ఇంటి వెనక పొదల్లో పట్టించాను.

అదిగో, ఇప్పుడు కదిలింది చెయ్యి.

ఒక్క ముక్క, నాయనా. ఇందాక ఒక్క ముక్క నోట్లో పెట్టుకునుంటే ఊఁ అనేసేదాన్ని. అనాలనే కూర్చున్నాను.

తిను, చల్లారిపోతోంది. తిన్నాక వెళ్లి, ముసలిది ఒప్పుకోలేదని చెప్పు.