వాగవతల ఆఖరి ఇల్లు

(2006 చివర. భద్రాచలం అడవిలో, వాగవతల ఒక కోయగూడెం. గూడెంవాళ్లంతా సర్కారు ఇచ్చిన పైసలు తీసుకుని రోడ్డు పక్క కాలనీకి వెళ్లిపోయారు. పూజారి పగిడయ్య ఇల్లొక్కటే మిగిలింది. పొద్దున్నే అతని భార్య జంపక్క దగ్గరికి కాలనీ నుంచి చెల్లెలు వనజ వచ్చింది.)

“కూసో మరి. నిలబడే ఉంటవా? కాలనీల కుర్చీలు ఉంటయేమో, ఇక్కడ గీ మంచమే.”

“కూసునేటందుకు రాలే అక్కా. బావ ఏడి?”

“ఏం సబ్బే అది? వాగు దాటంగనే వాసనొచ్చింది. మా కుక్క సుత నిన్ను గుర్తుపట్టక మొరిగింది.”

“అందరూ వాడేదే. బావ ఏడి అంటున్న.”

“వస్తడు. చీర గూడ కొత్తదేనా? అడవిల నడవనీకె కట్టినవా, నాకు చూపియ్యనీకె కట్టినవా?”

“అక్కా—”

“స్లాబు ఇల్లంట గద. ఫ్యానంట. నీ కొడుకు టీవీ ముందల్నించి లేస్తలేడంట.”

“ఎవరు చెప్పిండ్రు?”

“నీ తోటికోడలు. ఉప్పు కొందామని సంతకు పోతే, ఫ్యాను కత చెప్పి పంపింది.”

“తిరిగితె గద ఫ్యాను! కరెంటే ఉండదు. ఎండకాలమంత స్లాబు కాలె. వాకిట్లనే పడుకున్నం.”

“గట్లనా.”

“నవ్వుతున్నవా?”

“నేనెందుకు నవ్వుత? నా కడుపు మండుతుందని చెప్పాల్నా? మండుతుంది. చాలా?”

“నువ్వు గూడ రావొచ్చు గద. ఇప్పటికైనా—”

“వచ్చి మీ వెనక వరసల ఉండాల్నా? రోడ్డు దిక్కు ఇండ్లన్నీ మీరే పట్టుకుంటిరి. పూజారి పెండ్లాం కుళాయి కాడ నీ బిందె వెనక బిందె పెట్టాల్నా?”

“నీకు నా కుళాయి కనవడ్తది. నాకేం వినవడ్తదో తెల్సా? ఎవరికి జ్వరమొచ్చినా ‘పగిడయ్య ఉంటే గట్ల చేస్తుండె’ అంటరు. ఎవరు కొట్లాడినా ‘జంపక్క ఉంటే గిట్ల అంటుండె’ అంటరు. ఇల్లు నాది, ముచ్చట నీది.”

“చిక్కుడు పండుగ చేసుకున్నరా?”

“ఎవరు చేస్తరు? వేల్పు ఇక్కడుండె, పూజారి ఇక్కడుండె. కాయలు పాదుల మీదనే ముదిరిపోతున్నయి. పండుగ గాకుండ ఎవ్వరు ముడుతలేరు.”

“నీ కొడుకు తిన్నడంట గద.”

“బడిల కూర వండి పెట్టిండ్రు. చిన్నోడు, వానికేం తెల్సు?”

“వానికి తెల్వది. వాని తల్లికి గూడ తెల్వకపాయె.”

“తప్పు కట్టుకుంట. కోడంటే కోడి, మేకంటే మేక. బావను పిలువు అక్కా.”

“వచ్చిన కాడికెల్లి బావ, బావ! నీ బావతోటి నీకేం పని?”

“పనుంది.”

“నాకు చెప్పు.”

“నీకు చెప్తే వినవు.”

“ఓహో. మొగుడు సత్తుపల్లి తోటలల్ల కూలికి పోయె. స్లాబు ఇంట్ల ఒక్కదానివే ఉంటివి. ఇగ పండుగ పేరు చెప్పి పూజారిని తీస్కపోనీకె వచ్చినవు. చిన్నప్పుడు గూడ గంతే. నా మెడల పూసలు చూస్తే చాలు, అవే గావాలంటుంటివి.”

“నువ్వు మనిషివేనా? నీ మొగుణ్ణి నేనేం చేస్కుంట? వాగుల కొట్టుకొచ్చిన కర్ర లెక్క ఉంటడు!”

“నా మొగుణ్ణి కర్ర అంటవా?”

“అక్కా, నీ కాళ్లు మొక్కుత. ఇయ్యాల్నే, ఇప్పుడే బయలెల్లుండ్రి. వేల్పును గూడ తెచ్చుకోండ్రి. కుళాయి కాడ ముందు బిందె నీదే. నా ఇంట్ల నువ్వుండు, నేను వాకిట్ల పడుకుంట.”

“గింత ప్రేమ ఎప్పుడు పుట్టిందే? ఆఁ, తెల్సింది. ఊరంతా ఖాళీ అయితెనే మిగిలిన పైసలు ఇస్తమన్నరు గద. మా ఒక్క ఇంటి తోటి మీ అందరి పైసలు ఆగినయి. అందుకు పంపిండ్రు నిన్ను.”

“ఆగలే.”

“ఏంది?”

“ఏం లే. తుపాకోళ్లు ఎవరన్న ఇటు వచ్చిండ్రా?”

“రెండు దిక్కులోళ్లూ వస్తరు, పోతరు. పైసలు ముట్టినోడు పోలీసుల మనిషని అన్నలంటరు. ముట్టనోడు అన్నల మనిషని పోలీసులంటరు. మన ఇష్టమని పైకి అంటరు గని, ఇందుల ఇష్టమేడుంది? నీ బావ ఒక్కటే అడిగిండు. ‘పోయెటోనికి పైసలిస్తున్నరు సారూ, ఉండెటోనికి ఏమిస్తరు?’ అని.”

“ఏమన్నరు?”

“నవ్విండ్రు. నీళ్లు అడుక్కుని తాగి పోయిండ్రు.”

“అక్కా, గుట్ట కింది గూడెం యాదికి లేదా? ఆ ముసలాయన—”

“ఎందుకు లేదు? ఊరు ఖాళీ అయినంక ఇప్పపువ్వు ఏరుకోనీకె మళ్ల పోయిండు. పోలీసులు కాల్చిండ్రు. ఖాళీ ఊర్లె కనవడ్డోడు ఊరోడు గాదంట, దళపోడంట. గని మాది ఖాళీ ఊరు గాదు గద! మేమున్నమని వాళ్ల ఆఫీసరుకు తెల్సు. మా పొయ్యి పొగ చూసుకుంటనే పోతరు. అందుకే నీ బావ బేఫికర్‌గ గుట్టెక్కిండు.”

“గుట్టెక్కిండా? ఎందుకు?”

“పండుగకు వేట గావద్దా? విల్లు పట్టుకుని పోయిండు.”

“విల్లు పట్టుకుని... కూత పెట్టు అక్కా. పిలువు. జల్దీ!”

“గంత దూరం వినవడ్తదా? ఏమైందే నీకు? ఏడుస్తున్నవేంది? స్లాబు ఇంటిదానివి నువ్వు. నాకు కుళ్లుగుందంటే అర్థముంది గని—”

“నాకు గూడ కుళ్లే అక్కా. ఒక్క దినమన్న ఆ కాలనీల నీ పేరు లేకుంటే బాగుండనిపించింది.”

“ఏం చేసినవు?”

“నిన్న ఆఫీసరు వచ్చిండు. అందర్ని కూసవెట్టి అడిగిండు, వాగవతల ఇంకెవరన్న మిగిలిండ్రా అని. అందరు నోర్లు మూసుకుని నా మొఖమే చూసిండ్రు. పగిడయ్య మరదలు ఏమంటదో అని.”

“ఏమన్నవు?”

“పైసల సంచి ఆయన పక్కనే ఉండె.”

“వనజా! ఏమన్నవే?”

“మనిషన్నోడు ఒక్కడు లేడన్న.”