పట్కారు పిడి

వరంగల్ బజారులో ఇనుప సామాన్ల దుకాణం. మే నెల, మిట్టమధ్యాహ్నం. ధర్మసాగర్ కట్ట దగ్గర బండి పెట్టి చేపలు కాల్చి అమ్మే సాంబయ్య, అతని భార్య అనసూయ వచ్చి అప్పటికే గంటయింది. సాంబయ్యకు ఒక్క పట్కారూ నచ్చలేదు. దుకాణదారు చంద్రమౌళి ఓపిక గల మనిషి కాబట్టి ఇంకా చూపిస్తూనే ఉన్నాడు.

“ఇది గూడ వద్దు సేటు.”

“ఇదెందుకు వద్దే సాంబన్నా? అసలు స్టీలు. మాగ్నెట్ పెట్టి చూడు, అంటదు. తుప్పు రాదు.”

“తుప్పు సంగతి గాదు. నడుమ రివిట్ ఉన్నది చూడు. ఆర్నెల్లు బొగ్గుల మీద తిరిగితే వదులైతది. వదులైతే చేప జారుతది.”

“అయితే ఇది తీస్కో. రివిటే లేదు. ఒకటే పట్టీ వంచి చేసిండ్రు.”

“పల్చగున్నది. రెండు కిలోల రవ్వ చేపను ఎత్తితే వంగుతది.”

“ఇగో, కట్టె పిడిది. వదినె ఇందాకటి సంది దీన్నే చూస్తాంది.”

“నేను చూస్తే ఏంది, చూడకుంటే ఏంది సేటు? కాల్చేది ఆయన.”

“కట్టె పిడి నాకొద్దు. కట్టె మాడుతది, పగులుతది. మొత్తం ఇనుముదైతే నేను పొయ్యేదాక ఉంటది.”

“పెండ్లిచూపులల్ల గూడ నువ్వు గింతసేపు చూసి ఉండవ్ సాంబన్నా.”

“చూడలే సేటు. ఒక్క నిముషంల సరే అన్నడు. నన్ను చూసిండో లేదో గూడ నాకు అనుమానమే.”

“చూసిన. ఎందుకు చూడలే. సేటు, చేపలు కాల్చే జాలి గూడ ఒకటి కావాలె.”

“జాలి ఉన్నది. ఇది తీస్కపో, చమక్ చమక్ మంటాంది.”

“మెరిసేదంతా జింక్ పూత. కిటికీకి కొట్టుకోను మంచిది. మంట మీద పెడ్తే పొగొస్తది, తిన్నోనికి కడుపుల తిప్పుతది. నాకు చెప్తానవా సేటు?”

“నీకు తెల్వదని గాదు. ఊకె చూసిన. అవును గని, ఉన్న పట్కారుకు ఏమైంది? దసరాకు నా దగ్గర్నే తీస్కపోతివి గద.”

“అది మంచిగ లేదు. పట్టు దొరుకుతలేదు.”

“దసరా సంది ఇది మూడోది సేటు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.”

“నువ్వు జర ఊకో అనసూయా.”

“ఊకుంటనే ఉన్న. ఆర్నెల్ల సంది ఊకుంటనే ఉన్న.”

“ఏందన్నా, గిరాకి తగ్గిందా?”

“గిరాకికేం తక్కువ లేదు. ఆదివారమైతే కట్ట కాడ నిలవడ తావుండది. మడికొండ ఐటీ పార్కు పోరగాళ్ళు బండ్లేస్కొని వస్తరు.”

“వచ్చినోళ్ళు రెండుసార్లు చేప వాపస్ ఇచ్చిండ్రు. అది గూడ చెప్పు.”

“ఆ రోజు బొగ్గులు తడివి.”

“బొగ్గులు మంచిగనే ఉండె సేటు. చేప లోపల పచ్చిగున్నది. ఈయన పనిచేసే పవర్‌లూమ్ బంద్ అయి బండి పెట్టిన సంది, పదిహేనేండ్లు, ఒక్క చేప వాపస్ రాలే. నేను కడుగుత, కోస్త, ఉప్పుకారం పట్టిస్త. పొయ్యి మాత్రం ఈయనదే. ఏలు పెట్టి ఒత్తి చెప్తుండె, ఉడికిందా లేదా అని. ఇప్పుడు గూడ ఒత్తుతాండు. తెలుస్తలేదు.”

“తెలుస్తాంది.”

“తెలుస్తలేదు.”

“తెలుస్తాందన్న గద! నాకు తెలుస్తలేదని నీకెట్ల తెలుసు?”

“దవాఖానల డాక్టరమ్మ చెప్పింది సేటు. షుగర్‌తోని చేతులల్ల నరాలు చచ్చినయంట. మంట కాడికి పోవద్దన్నది. మా అల్లుడు మడికొండల వాచ్‌మన్ పని మాట్లాడిపెట్టిండు. కుర్చీల కూసునే పని. పోనంటాండు. బండి తీసేస్తే నేను మనిషినే గాదంటాండు.”

“నరాలు చావలే. తిమ్మిరి అంతే. వస్తది, పోతది.”

“ఎప్పుడు పోతది? చెప్పు. ఎప్పుడు పోతది?”

“సేటు, బయట తలుపుకు వేలాడేది ఏంది? ఆ పొడుగుది.”

“అదా? కమ్మరాయనతోని కొట్టించిన. మొత్తం ఒకటే కడ్డి. ఎవరు కొంటలేరు గని... అన్నా ఆగు, నేను తీస్త, నువ్వు...”

“నాకు అందుతది తియ్యి. ఆఁ! గిదీ పట్కారంటే. అనసూయా, ఇగో చూడు. రివిట్ లేదు, కట్టె లేదు. మన మనుమలు గూడ దీంతోనే కాలుస్తరు.”

“అన్నా...”

“మూతి గూడ పంటికి పన్ను కూసున్నది. ముల్లు గూడ జారది. ఎంత దీనికి?”

“ధర తర్వాత చెప్త. ముందుగల్ల అది కింద పెట్టు.”

“ఎందుకు? వేరేటోళ్ళు అడిగిండ్రా?”

“కింద పెట్టన్నా. పొద్దున తొమ్మిదింటి సంది ఎండల ఉన్నది. నేనైతే బట్ట లేంది దాన్ని ముట్టను.”

“ఏదీ, ఇటియ్యి చూస్త... అమ్మో! అబ్బబ్బబ్బ! ఏందయ్యా ఇది, నిప్పు లెక్కున్నది!”

“గట్ల కింద పడేసినవేందే అనసూయా? మూతి వంగుతది.”

“మూతి పోనియ్యి. నీ చెయ్యి చూపియ్యి.”

“ఏం గాలే.”

“చూపియ్యంటాన. ఎర్రగైంది. సేటు, జర నీళ్ళియ్యి.”

“ఇగో వదినె, చల్లటియి. పొయ్యి, మంచిగ పొయ్యి.”

“ఇంత హడావిడెందుకు? ఎండకు కాలినదాన్ని గూడ కాలుడంటరా? పదిహేనేండ్లు బొగ్గుల మీద ఆడిన చేతులు ఇవి. తోలు మందం.”

“పోయిన ఆదివారం గూడ గిదే చెప్పిండు సేటు. చెయ్యి జాలికి ఆని కాలుతాంది, ఈయన గిరాకితోని ముచ్చట పెడ్తాండు. నవ్వుతాండు. నాకు వాసనొస్తే చేప మాడుతాందనుకున్న. చేప గాదు సేటు.”

“అయ్యో సాంబన్నా!”

“అయ్యో అనకు సేటు. ఈమె గూడ పొద్దుమాపు అదే అంటాంది. మీరు అయ్యో అంటే నాకు గూడ ఏదన్న అనిపియ్యాలె గద. ఏం అనిపిస్తలేదు. ఎవరిదో చెయ్యి చూసినట్టే ఉంటది.”

“మరి తెలుస్తాందంటివి గద?”

“తెలుస్తాంది.”

“సరే. కండ్లు మూస్కో.”

“ఏందే?”

“మూస్కో. నీ చేతుల ఒకటి పెడ్త. ఇనుమో కట్టెనో చెప్పు. సక్కగ చెప్పినవనుకో, ఇగ జన్మల వాచ్‌మన్ మాటెత్తను. సేటే సాక్షి.”

“మొగుడుపెండ్లాల నడుమకు నన్నెందుకు గుంజుతవ్ వదినె...”

“నడి బజార్ల చిన్నపిల్లల ఆటలా?”

“భయమైతాందా?”

“నాకెందుకు భయం? ఇగో, మూసిన. పెట్టు.”

“సేటు, నువ్వేం మాట్లాడొద్దు.”

“నేనేం మాట్లాడ్త వదినె.”

“ఇంక పెట్టవేందే?”

“పెట్టిన.”

“ఎప్పుడు?”

“పెట్టిన అంటాన గద. చెప్పు.”

“ఆగు. తొందరెందుకు. అరచేతులనే పెట్టినవా? ఆఁ, ఉన్నది, ఉన్నది. బరువు లేదు. ఇనుమైతే గాదు.”

“మరేంది?”

“కట్టె. కట్టె పిడి. అంతే గద సేటు? నువ్వు ఇందాక చూపించినదే. ఏం మాట్లాడరేంది ఇద్దరు? తప్పు చెప్పిన్నా?”

“కండ్లు తెరువు.”

“చెప్పు, తప్పా?”

“తెరిచి చూడు.”

“ఇది... అనసూయా...”

“నా చెయ్యి అది.”

“నువ్వు ఊకె ఆనిచ్చినవ్. జర గట్టిగ పడ్తే తెలుస్తుండె.”

“గట్టిగనే పట్టిన. నా ఏళ్ళు నొస్తానయి, గంత గట్టిగ పట్టిన.”

“సరే.”

“ఏం సరే? నా చెయ్యిని కట్టె అంటివి.”

“సరే అన్న గద. ఏడవకు. సేటు చూస్తాండు.”

“నేనేం చూస్తలేనన్నా. ఛాయ్ చెప్పొస్త, మీరు కూసోండ్రి.”

“ఛాయ్ వద్దు సేటు. టైమెంతైంది?”

“ఒంటిగంట కావస్తాంది.”

“ఇయ్యాళ ఆదివారం. నాలుగింటికి బొగ్గులు అంటియ్యాలె. చేపలకు ఉప్పుకారం పట్టిచ్చినవానే?”

“పొద్దున్నే పట్టిచ్చిన. ఇంత జరిగినంక గూడ బండి పెడ్తవా?”

“పెడ్దాం.”

“నీకు దండం పెడ్త. నా మాటిను. చేతులు పూరా కాల్చుకుంటెనే నీ పాణం నిమ్మళమైతదా?”

“నువ్వు కండ్లు తుడుస్కో ముందుగల్ల. సేటు, ఇందాకటి కట్టె పిడిది తియ్యి. గంత పెద్దది గాదు. చిన్న చేతికి పట్టేది.”

“కట్టె అసలే వద్దంటివి గదన్నా? మాడుతది, పగులుతది అని ఇంతసేపు...”

“నాకు గాదు సేటు, అనసూయకు. ఈమెకు చెయ్యి కాలితే తెలుస్తది.”