సత్వావాళ్లు వద్దన్నవాడు

అతడు వారాంతాల్లో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. అరబ్బు దేశపు నగరంలో, కరామా పేటలోని వాళ్ల వంటగదిలో కొత్త పెళ్లాం పులిహోరకు నిమ్మకాయలు ఏరుతోంది.

“నన్నిచ్చి సత్వా టీము క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకుంటరట మావోళ్లు.”

“సత్వావోళ్లు ఒప్పుకున్నరా?”

“డ్రాఫ్టుల కొత్త ప్లేయర్‌ను ముందుగాల ఎంచుకునే మా వంతు గూడ అడిగిండ్రు.”

“అంటే నువ్వు కొసరా?”

“కొసరు గూడ కాదు. వంతు చాలు, నన్ను మీరే ఉంచుకోమన్నరు. మావోళ్లు సరేనన్నరు.”

ఆమె పగలబడి నవ్వింది. అతడికి కోపమూ వచ్చింది, ముద్దూ వచ్చింది.

“నవ్వకు. ఇగ నేను బెంచీ మీదనే. ఖలాస్!”

“మొన్న నువ్విసిరితే రెఫరీకి తాకె. ఏదీ, గీ నిమ్మకాయ సింకులెయ్యి.”

అతడు విసిరాడు. అది ఫ్రిజ్ వెనక పడింది.

“శాబాష్! సత్వావోళ్లకు కండ్లున్నయి.”

అతడు మూతి ముడుచుకుని వెళ్లబోయాడు.

“పట్టు!” ఆమె ఓ నిమ్మకాయ విసిరింది.

తిరుగుతూనే ఒంటిచేత్తో పట్టాడు. రెండోది ఎడమచేత్తో.

“ఓ తెలివిగల్లోడా! ఇసిరెటోడు వస్తున్నడు. ఆయన ఇసిరితే పట్టెటోడు మీకున్నడా?”

“లేడు. డ్రాఫ్టుల తెద్దామనుకున్నం.”

“ఆ వంతు ఇచ్చేస్తిరి గద! ఇంకెవడున్నడు?”

అతడు తన రెండు చేతుల్లోని నిమ్మకాయల వంక చూసుకున్నాడు.

“యల్లా, నడువు, మీవోళ్లకు ఫోన్ చెయ్యి. ముందు నా నిమ్మకాయలియ్యి.”