చక్రాలు తీసేసిన ఇల్లు

“అమ్మమ్మా, పెరట్ల ఆ బస్సుకు మల్ల చక్రాలెందుకు ఎక్కిస్తుండ్రు? మూడు నెల్ల కిందనే గద తీసేసిండ్రు?”

అడిగినవా? నువ్వు అడుగుతవని తెల్సు. మీ అమ్మ కూడ అడిగింది, ఏదో చెప్పి తప్పించుకున్న. కూసో. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చేస్కో తియ్. ఈ ఊర్ల పుట్టిన ముసలోళ్ళం ఎంతమందిమి మిగిలినం గనుక.

అది బస్సు గాదు బిడ్డా, క్యారవాన్ అంటరు. సినిమా షూటింగులల్ల హీరోయిన్లు అండ్ల కూసుని ముఖానికి రంగేసుకునేటోళ్ళు. సాగర్ దానికే డ్రైవరుండె. సాగర్ అంటె పాలమూరు దిక్కు పిల్లగాడు, ఇప్పుడు ఆఫీసోళ్ళను క్యాబుల తిప్పుతడు. బండి పాతదైపాయె, ఇంజను సచ్చిపాయె, ఓనరు షెడ్డెనక పడేసి తుక్కు కింద అమ్ముతనన్నడు. సాగర్ తీస్కున్నడు. పెండ్లానికి ఒక్క మాట చెప్పలే. మొగోళ్ళ తెలివి గిట్లనే ఉంటది.

పెండ్లాం లత. ఆ అద్దాల టవర్ల హౌస్‌కీపింగు చేస్తది. బిడ్డ చిన్ని, అయిదేండ్లు. పెండ్లైనప్పటి సంది ఐదు రూములు మారిండ్రు పాపం. కిరాయి కట్టలేక గాదు. వీళ్ళు దిగిన ఇల్లు కూలగొట్టుడు, ఆడ ఆరంతస్తులు లేపుడు. నానక్‌రామ్‌గూడల ఇగ రూములేడున్నయ్? మా చిన్నప్పుడు మా ఇంటి ముంగట నిలబడి చూస్తె జొన్న చేన్లు, ఆ ఎనక రాతి గుండ్లు. ఎంత పెద్ద గుండ్లనుకున్నవ్! వాటి నీడల మా నాయిన సద్ది తినేటోడు. ఇప్పుడు అవి పగలగొట్టి... అయ్, ఏం చెప్తున్న నేను? ఆఁ, లత.

సాగర్ వచ్చి “పెద్దమ్మా, నీ పెరట్ల బండి పెట్టుకుంట, అండ్లనే ఉంటం” అన్నడు. నాకేం, మీ తాత పోయి ఇన్నేండ్లాయె, పిల్లలు ఈడ లేరు, పెరడంత ఉత్తగనే పడి ఉంది. పెట్టుకో అన్న. ట్రాక్టరుతోని గుంజుకొచ్చిండ్రు. అప్పుడు షురువైంది కొట్లాట.

ఎట్లంటె, నేను తలుపు తూర్పుకు ఉండాలన్న. ఇల్లన్నంక తూర్పు వాకిలి మంచిది గద? తలుపేమో బండికి ఎడమ దిక్కుంది. తలుపు తూర్పుకు పెడితె బండి మూతి దక్షిణానికి తిరుగుతది. సాగర్ లబలబలాడిండు, “దక్షిణం మూతి పెట్టి ఏ డ్రైవరన్న బండికి పూజ చేస్తడా పెద్దమ్మా, యముడి దిక్కు!” అని. నేనన్న, “ఇది బండా, ఇల్లా? ముందు గది తేల్చుకో.” అప్పుడు లత నోరు తెరిచింది. గంత సేపు గోడకానుకొని చూస్తుండె.

“చక్రాలున్నన్ని దినాలు ఇది బండే. అవి తీసి ఇటుకల మీద కూసోబెట్టు. అప్పుడు గడప పెడత, పాలు పొంగిస్త. లేకుంటె నేను రాను” అన్నది.

సాగర్ అన్నడు, “చక్రాలుంటె మంచిదే గదనే. ఎవడన్న లెవ్వమంటె ఇంటితోనే పోతం.”

“లెవ్వమంటరని ముందుగాల్నే అనుకొని పెట్టుకునేది ఇల్లెట్లైతది?” అన్నది లత.  సాగర్ నన్ను చూసిండు, నువ్వు చెప్పు పెద్దమ్మా అన్నట్టు.

ఇగ విను బిడ్డా. ఈడనే నా తప్పుంది.

వాళ్ళు రాకముందే, నెల దినాల ముందు, టేపులు పట్టుకొని మనుషులొచ్చిండ్రు. రోడ్డు ఎడల్పు చేస్తరంట. ప్రహరీ గోడ మీద ఎర్ర రంగుతోని గీత గీసిండ్రు. పెరడంత పోతది, ఇల్లు కూడ సగం పోతదన్నరు. ఎప్పుడంటె చెప్పలే, కాయితం వస్తదన్నరు. ఆ గీత మీద నేను నులక మంచం నిలబెట్టిన. దాని మీద చీరలు ఆరేసిన. ఎండినా తియ్యలే. మీ అమ్మకు కూడ చెప్పలే. చూడకుంటె లేనట్టే అనుకున్ననేమో, ఏమో మల్ల.

సాగర్ నన్ను చూసినప్పుడు ఆ మాట నా నాలుక మీదనే ఉంది. చెప్తె పోతరు. వేరే జాగ చూస్కుంటరు. అప్పటికే ఆ చిన్ని నా కొంగు పట్టుకొని పెరడంత తిరుగుతుండె, ఇంటెనక ఉన్న కోడిపిల్లలకు పేర్లు పెడుతుండె. నేను ఏమన్ననో తెల్సా? “తీసెయ్ రా చక్రాలు” అన్న. అంతే. మూడు మాటలు.

తీసేసిండ్రు. మూడు నెలలు మొగుడు పెండ్లాలు ఎంత చాకిరి చేసిండ్రనుకున్నవ్. ఆయన డ్యూటీ దిగొచ్చి గీకుతుండె, ఆమె డ్యూటీకి పొయ్యేముందు గీకుతుండె. తుప్పంత తీసి కింద కొత్త రేకు ఏసిండ్రు. పైన ఏసీ ఉండే బొంద నుంచి వానొస్తుండె, దాన్ని మూసిండ్రు. అద్దం చుట్టు బల్బులుండె, పన్నెండో ఏమో, రెండుంచి కడమయి పీకేసి ఆ అద్దం కాడ దేవుని పటాలు పెట్టింది లత. సోఫాలు చింపి కొత్త దూది పెట్టి కుట్టిన, నా చేతులతోని కుట్టిన. అంటె, ఒకటి నేను, కడమయి ఆమె. నా కండ్లు సహకరిస్తలేవు గద. గడప వేపది. పసుపు రాసింది, బొట్లు పెట్టింది, పాలు పొంగించింది. తూర్పు వాకిలే. సాగర్ మాత్రం ఎవరికి తెల్వకుంట డ్రైవరు సీటు కాడ ఒక నిమ్మకాయ కట్టిండు. నేను చూసి చూడనట్టున్న.

కాయితం మొన్న మంగళారమొచ్చింది, ఖాళీ చెయ్యాలని. చీర మడతల పెట్టిన. బుధారం గడిచింది. గురువారం పొద్దుగాల లత కరేపాకు మొక్క తెచ్చింది. గడ్డపార అడిగింది. “ఎందుకే, డబ్బల పెట్టుకోరాదు” అన్న. అదేమన్నదో తెల్సా? “కిరాయి ఇండ్లల్ల డబ్బలనే పెట్టిన పెద్దమ్మా. మారినప్పుడల్ల ఎత్తుకపోవాలని. ఈసారి భూమిలనే పెడత” అన్నది.

గడప పక్కన కూసుని తవ్వుతుంది బిడ్డా. చిన్ని మట్టి ఎత్తిపోస్తుంది.  నేను పోయి మంచం పక్కకు జరిపిన. చీరలు కింద పడ్డయ్. “లతా, గిటు చూడు” అన్న. కాయితం తెచ్చి చేతిల పెట్టిన. మొత్తం చెప్పిన. మీరు రాకముందే తెల్సు అని కూడ చెప్పిన. మీరు పోవద్దని దాచిన, నా సోపతి కోసం దాచిన అని చెప్పిన. అబద్ధమాడి ఇంకో అబద్ధం ఎందుకు?

 లత కాయితం చదివింది, గీతను చూసింది, బండి కింద ఇటుకలను చూసింది. తిడుతదనుకున్న. తిడితె బాగుండు అనుకున్న. తిట్టిచ్చుకునే పనే చేసిన గద నేను. గడ్డపార కింద పెట్టింది. చేతుల మట్టి దులుపుకున్నది. సాగర్‌కు ఫోన్ చేసి చక్రాలు చూడమన్నది, ఒక్క ముక్కల. కోకాపేట అవతల లత పనికాడి మేస్త్రి జాగ ఒకటున్నదంట, ఆడికి గుంజుకపోతరంట.

ఫోన్ పెట్టేసి నా దిక్కు తిరిగింది. “మరి నువ్వేడికి పోతవ్ పెద్దమ్మా?” అన్నది.

గంతే అన్నది. నేను నెల దినాల సంది... కాదు, నాలుగు నెలల సంది ఆ గీతను దాస్తున్న గని, ఆ మాట నన్ను నేను అడుగుకోలే బిడ్డా. నేను దాని కడుపు మీద కొట్టిన. అది నేనేడుంటనని అడిగింది.

మీ అమ్మ బాచుపల్లికి రమ్మంటదని చెప్పిన. “పో పెద్దమ్మా, మంచిగుంటది” అన్నది. ఇంకేదో అనబోయి లోపలికి పోయింది. కోపం పోయిందని అనుకుంట లేను. పోకపోయినా దానిది న్యాయమే.

అగో, జాకీ పెడుతుండ్రు, సప్పుడు వినబడుతుందా? బంద్ చెయ్యి ఇగ నీ ఫోను. నువ్వు సల్లగుండాలె బిడ్డా. నువ్వు దిగిన కాడ నిన్నెవరు లెవ్వమనొద్దు... నీకెవరు ఏం దాయొద్దు... ఆ చిన్నికి గూడ...